తుడిచేసిన పుట్ట

మా బోహోల్ దీవిలో పుట్ట పక్కనుంచి పోతూ, అందులో కాపురముండే ముసలి ఆత్మను "తాతా, పోతున్నాం" అని దారి అడగనివాళ్లు లేరు; అడక్కుండా తొక్కితే ఊరుకోడంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మా బడి ముందున్న పుట్టను మాత్రం రోడ్డు వెడల్పు చేసినప్పుడు తవ్వేశారు. అప్పటికి నా విద్యార్థిని దలిసాయ్ ఇంకా భూమ్మీద పడలేదు.

మాటలు సరిగా రాని ఆ పిల్లకు వీఆర్ కళ్లద్దాలు పెట్టి, వాటిలో కనిపించే, పుట్ట లేని అదే రోడ్డు మీద తరగతి గదిలోనే నడక నేర్పుతున్నాను. రోజూ పుట్ట ఉండిన చోటికి రాగానే తల వంచుతుంది. ఎవరూ నేర్పని ఆ మాటే గొణిగి, చుట్టు తిరిగి వెళ్తుంది.

"వంకర నడక. ఫెయిల్," అన్నాడు పడవ ఆలస్యమై చీకటిపడ్డాక పరీక్షకు వచ్చిన అధికారి పబలాన్. "ఉత్త గచ్చు మీద తాత ఎక్కణ్ణుంచి వచ్చాడు టీచర్? మీరే నూరిపోశారా?"

"నేనేం నేర్పలేదు సార్. తిన్నగా ఎలా నడవాలో మీరే చూపించండి."

ఆయన నవ్వుతూ కళ్లద్దాలు పెట్టుకుని నడిచాడు. సరిగ్గా ఆ చోట అడుగు వేశాడు. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాక గదిలో ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది.

"టీచర్, నా కాలు వదలండి."

నేను తలుపు దగ్గరున్నాను. దలిసాయ్ నా చెయ్యి పట్టుకుని ఉంది.

కిటికీలోంచి పడే వెన్నెల్లో ఆయన కళ్లద్దాలు లాగేయడం కనిపించింది. కాలు మాత్రం కదల్లేదు.

"ఆ మాట... ఎలా అనాలి?" అన్నాడు మెల్లగా.

"నన్నడిగితే ఏం లాభం సార్," అన్నాను. "మీరు ఫెయిల్ చేసిన పిల్లని అడగండి."