తల్లిరొయ్య విసురు

అద్దంలాంటి నీళ్లున్న ఓ చెరువులో ఒక తల్లిరొయ్య ఉండేది. గుడ్లను పొట్టకింద మోస్తూ, వాటికి ఊపిరాడాలని కాళ్లతో అస్తమానం విసురుతుండేది. అయినా రెండుసార్లు గుడ్లన్నీ తెల్లబారి రాలిపోయాయి.

"నీళ్లకేం, తేటగానే ఉన్నాయి. నా విసరడంలోనే ఏదో లోపం" అనుకుని, మూడోసారి ఒళ్లు హూనమయ్యేలా విసిరింది.

పక్క కలుగులోని ముసలి ఎండ్రకాయకు ఉండబట్టలేదు. "ఆపవే తల్లీ! కార్ఖానా కాలువ వెంట కంటికి ఆనని వెండిపొడి వస్తోంది. నువ్వు విసిరేకొద్దీ అది గుడ్లకే పట్టేస్తోంది. నా పిల్లలూ అలాగే పోయారు."

"ఆపితే ఊపిరాడక చస్తాయి కదా పిన్నీ! మరేం చెయ్యను?"

ఎండ్రకాయ మెల్లగా తన కలుగులోకి పాకింది.

రొయ్య మళ్లీ విసరసాగింది. నాలుగు రోజులకు ఆఖరి గుడ్డూ రాలిపోయింది. కాళ్లు మాత్రం ఖాళీ పొట్టకింద ఇంకా విసురుతూనే ఉన్నాయి.