నైలాన్ తెరచాప

కొత్త నైలాన్ తెరచాప పుణ్యమా అని మస్తానయ్య తెప్ప అందరికంటే ముందు ఒడ్డు చేరింది. గాలి ముదురుతోంది. వదిన రాఘవమ్మ ఎదురొచ్చింది.

"మీ అన్న యాడ, అబ్బయ్యా?"

"వెనకాల వస్తా ఉండాడు వదినా. ఆయనది నూలు తెరచాప, తడిస్తే బరువు గదా. నేను దాటిపోతుంటే సంబరంగా రెండు చేతులూ ఊపినాడు."

"రెండు చేతులా?"

"అవును."

"ఒంటిగా పోయిన మనిషి. ఈ గాలిలో తెడ్డు ఎవురు పట్టినట్టు మరి?"

మస్తానయ్యకు అప్పుడు అర్థమైంది. అన్న ఊపింది సంబరంతో కాదు, తనను ఆగమని. తెడ్డు ఎప్పుడో అలలపాలై ఉంటుంది.

అతను తెప్పను మళ్లీ నీళ్లలోకి తిప్పాడు. రాఘవమ్మ చెంగు దోపుకుని రెండో పక్క భుజం ఆనించింది.