గోరింక అరువు కేకలు

కొండముచ్చుల మేడిచెట్టుకి కాపలాగా ఒక గోరింక కుదిరింది. వాళ్ల భాష దానికింకా పూర్తిగా పట్టుబడలేదు. ఒక మధ్యాహ్నం చెట్టుకింద పిల్లలు ఆడుకుంటుంటే, పొదలోంచి కొండచిలువ వస్తూ దాని కంటపడింది. గోరింక గొంతు చించుకుని అరిచింది.

"పామొచ్చింది! పిల్లలూ, పైకెక్కండర్రా!"

పిల్లలంతా ఒక్క ఉదుటున కొమ్మలెక్కి బతికిపోయారు. కొండముచ్చు తాత మాత్రం మొహం చిట్లించాడు.

"మొదటి కేక నాది, రెండోది మా ఆవిడది. అన్నీ అరువు మాటలే! నీ సొంతమంటూ ఏముందే ఇందులో? రేపట్నుంచి కాపలాకి రాకు."

గోరింక తాపీగా రెక్కలు సర్దుకుంది.

"నిజమే తాతా, ఒకటి నీ దగ్గర, ఇంకోటి అవ్వ దగ్గర నేర్చుకున్నా. నా భాషలో అరిస్తే నీ మనవలకి అర్థమయ్యేదా? కేకలు మీవే. పామును చూసిన కళ్లు మాత్రం నావి."