ఇంటర్‌కూలర్‌కి చోటు

మా ఆయన కొండలెక్కే జీపుకి మెకానిక్‌ని నేనే. ఇంజన్‌కి వెళ్ళే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఒకటి కొనుక్కొచ్చి, గ్రిల్ వెనక బిగించమన్నాడు.

"అక్కడ చోటెక్కడుందండీ? పైగా బురద పట్టేస్తుంది. లోపల పెడదాం. కాకపోతే మీ పక్క సీటు పీకెయ్యాలి," అన్నాను.

"సీటు పీకేస్తే నువ్వెక్కడ కూర్చుంటావే?" నా మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

"నేను రాన్లెండి. మీ బండి పరిగెడితే నాకదే చాలు."

గొణుగుతూనే ఒప్పుకున్నాడు. తుప్పు పట్టిన బోల్టుల్ని గ్రైండర్‌తో కోసేసి సీటు బయట పడేశాను. ఆ చోట్లో ఇంటర్‌కూలర్ నిలబెట్టి, ఇంజన్ దాకా పైపులు లాగి బిగించాను. స్టార్ట్ చేస్తే ఎక్కడా గాలి లీకవలేదు.

"పనంటే నీదేనే!" అని భుజం తట్టాడు.

నిజానికి గ్రిల్ వెనక బోలెడంత చోటుంది. పొద్దున కొలతల టేపు తీసుకుందామని ఆ పక్క సీట్లో కూర్చోబోతే, నా మోకాళ్ళు డాష్‌బోర్డుకి కొట్టుకున్నాయి. నావి పొడుగు కాళ్ళు. ఆ సీటెప్పుడూ చివరికంటా వెనక్కే ఉంటుంది.

ఎవతో పొట్టిది, దాన్ని బాగా ముందుకి జరుపుకుంది.