గుండె బొంకదు

"ఆ రహీ హూఁ, అమ్మీ," అని తల్లికి చెప్పి, ఈత కోచ్‌కి సాయంగా ఉండే రుక్సానా ఫోను పెట్టేసింది.

దీవిలోని మిన్నీ బే ఒడ్డున కోచ్ మణికుమార్ డబ్బా తెరిచి, గడియారంలాంటి నల్లపట్టీ ఆమె చేతికిచ్చాడు. కట్టుకున్నవాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటోందో ఎప్పటికప్పుడు ఫోనులో చూపించే పట్టీ. మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చింది.

"అమ్మికి కట్టెయ్యి. వదులుగా ఉండకూడదు."

మణికుమార్ పుట్టింది ఇక్కడే అయినా తాత తెచ్చిన శ్రీకాకుళం యాస వదల్లేదు. ఆడపిల్లలందరూ అతనికి అమ్మిలే. మనిషి మంచివాడే గానీ తొందరెక్కువ.

"అమ్మీకా సార్?"

"అమ్మికే. ఎన్నిసార్లు చెప్పాలి? కట్టేసి బోటెక్కు."

రుక్సానాకి తెలుగు అంతంతమాత్రం. అయినా చెప్పిన పనికి ఎదురుచెప్పే పిల్ల కాదు. కట్టేసి, కాపలా బోటెక్కి వెళ్ళిపోయింది.

మణికట్టు దాకా కప్పిన ఈతదుస్తుల్లో జాహ్నవి నీళ్ళలోకి దిగింది. దూరంగా గుర్తుకోసం తేలేసిన నారింజరంగు బోయాని చుట్టి రావాలి. సముద్రపు ఈత పోటీకి వెళ్ళే జట్టులో ఒక్క చోటే మిగిలింది. అది తనదో కాదో ఇవాళే తేలిపోతుంది.

బాంబూఫ్లాట్‌లో కిరాణా కొట్టున్న తండ్రి గురునాథం, కోచ్ భుజం మీంచి ఫోనులోకి తొంగిచూస్తున్నాడు. తల్లి కాసులమ్మ ఎడంగా, కొంగు రెండు చేతులకీ చుట్టుకుని నిలబడింది. ఫెర్రీ ఎక్కితే కళ్ళు మూసుకునే మనిషి, కూతురికోసం వచ్చింది.

"చూడు భయ్యా, అంతదూరం నీళ్ళలో ఉన్నా సిగ్నల్ పోలేదు. సరుకంటే ఇదీ," అని మురిసిపోయాడు మణికుమార్. అంతలోనే మొహం చిన్నబోయింది. "ఇదేంటి? పిల్ల చేపలా ఈదుతోంది, గుండె మాత్రం దడదడలాడిపోతోంది."

కెరటం ఒకటి లేచి జాహ్నవి తల కాసేపు కనబడలేదు. ఫోనులో అంకె అమాంతం పైకెళ్ళింది.

"భయం," అన్నాడు మణికుమార్. "సునామీనాటికి ఎంతది?"

"చంటిది సార్. అప్పుడు హట్ బేలో ఉండేవాళ్ళం. దీన్ని చంకనేసుకుని వాళ్ళమ్మ గుట్టెక్కింది. రెండో చేతిలో ఉన్న పెద్దోడు జారిపోయాడు," అన్నాడు గురునాథం.

"అదే భయ్యా. ఆ భయం లోపలెక్కడో ఉండిపోయింది. ఈ గుండెతో నడిసముద్రంలోకి ఎలా పంపను? ఏదన్నా అయితే నీ మొహం చూడగలనా?"

జాహ్నవి ఒడ్డెక్కింది. రొప్పుతూ ఇసుకలో కూలబడి, తల్లివైపు చూసి నవ్వింది. ఫోనులో అంకె నెమ్మదిగా దిగి మామూలుకొచ్చింది.

"చూశావా, నేల తగిలేసరికి ఎలా కుదుటపడిందో," అన్నాడు మణికుమార్ గురునాథంతో.

"సార్, టైమింగ్ బాగుందా?" జాహ్నవి లేచి దగ్గరికొచ్చింది.

"టైమింగ్ బ్రహ్మాండం, అమ్మీ. కానీ నీకు సముద్రమంటే భయం. ఈసారికి వద్దులే."

"నాకా? కసమ్ సార్, నాకే భయమూ లేదు." పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"నోరు బొంకుతుందేమో గానీ గుండె బొంకదు. ఆ పట్టీ విప్పి ఇచ్చెయ్యి."

"ఏ పట్టీ సార్?"

కాసులమ్మ కొంగులోంచి చెయ్యి బయటికి తీసి, తన మణికట్టుకి రుక్సానా కట్టిన నల్లపట్టీ విప్పసాగింది.