తెగిన లింకు

“ఇక ఈ పని నావల్ల కాదు” అని టైపు చేసి జే-ఉంగ్ తన జట్టుకు పంపబోతుండగా ఫోను మోగింది.

“సహాయం పేజీలు చూసేది మీరేనా? నేను ఉల్జిన్ గ్రంథాలయం నుంచి ప్యో సన్-ఓక్‌ని. ‘పుస్తకం పోతే’ అన్నచోట నొక్కితే ఖాళీ పేజీ వస్తోందండీ.”

చిన్న గ్రంథాలయాల కోసం పదిమంది కలిసి రాసిన ఉచిత సాఫ్ట్‌వేరు అది. అందులో ఏ సహాయం పేజీ పేరు మారినా, దానికి దారి చూపే లింకులన్నీ జీతం లేకుండా సరిచేసేది జే-ఉంగే.

అతను గొంతు సవరించుకున్నాడు. పొద్దుటి నుంచి నోరు విప్పడం అదే మొదలు.

“తెలుసు. నేనే తెంపాను.”

“అయ్యో, ఎందుకు?”

“ఎవరైనా చదువుతున్నారో లేదో చూద్దామని. నెల దాటింది. ఒక్కరూ అడగలేదు.”

“నేను మొదటి రోజే చూశాను! అందరూ చూసే చర్చాపేజీలో తప్పు చూపడం బాగుండదని, మీరే సరిచేస్తారని ఆగాను. మీ లింకు తెగడం ఎప్పుడూ ఎరగను. ఇన్నాళ్లూ అలాగే ఉంటే జబ్బుపడ్డారేమో, చూసే దిక్కుందో లేదో అని భయమేసింది. మీరేమో మాకు పరీక్ష పెట్టి కూర్చున్నారు!”

జే-ఉంగ్ ఇంకా పంపని ఆ సందేశం వైపు చూశాడు.

“అన్నం తిన్నారా?” అందామె, మెల్లగా.

“ఇంకా లేదు.”

“లింకు సరిచేసి తినండి. పెట్టేస్తున్నా.”

“సరిచేస్తాను. మీరు మాత్రం అప్పుడే ఫోను పెట్టేయకండి.”