జిరాక్సు మీద రాత

బాలవ్వ చేతిలోంచి ఆధార్ జిరాక్సు తీసుకుని, ముసలాయన దాని మీద అడ్డంగా నీలం పెన్నుతో రాసేశాడు.

‘బీడీ పింఛను కోసం మాత్రమే.’ కింద తేదీ వేశాడు.

మంచి కాగితం పాడు చేశాడని బాలవ్వ మొహం చిన్నబుచ్చుకుంది.

“ఏం రాయకపోతే ఇది ఎవరి చేతిల పడ్డా నీ పేరు మీద నడుస్తది, అవ్వా. ఇప్పుడు పింఛనుకు తప్ప దేనికి పనికిరాదు,” అన్నాడాయన.

బోధన్ బస్టాండు వెనక సందులో ఆ జిరాక్సు దుకాణం నిరోషది. భర్త పోయాక ఆ మిషనే ఆమెకు ఆధారం.

ముసలాయన పేరు హనోకు అని తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. నెల రోజులుగా పొద్దున్నే నిజామాబాద్ బస్సు దిగి వచ్చి దుకాణం ముందు బల్ల మీద కూర్చుంటున్నాడు. వచ్చిన ప్రతివాళ్లనూ కాపీ దేనికని అడుగుతాడు. కొందరు రాయించుకునేవాళ్లు. కొందరు నీకెందుకని కసిరేవాళ్లు.

సరిగా రాని కాపీలను బుట్టలో పడేయకుండా చింపేయమని నిరోషకూ చెప్పి చూశాడు. అంత తీరిక లేదని ఆమె నవ్వేసింది. వారానికోసారి చిత్తుకాగితాలవాడు వచ్చి ఎలాగూ అన్నీ పట్టుకుపోతాడు.

ఈయన పోరు పడలేక గిరాకీ ఎదురు దుకాణానికి మళ్లుతోందని ఆమెకు లోలోపల కోపం.

ఒకరోజు హనోకు బుట్టలోని కాపీలు తీసి సంచిలో పెట్టుకోవడం ఆమె కంటపడింది.

నలుగురి ముందూ నిలదీసింది.

“మంది కార్డులు నీకెందుకు? ఎవనికి అమ్ముతున్నవ్?”

“ఇంటికాడ చింపుతున్న, బిడ్డా. నీకు తీరిక లేదంటివి గదా.”

ఎవరూ నమ్మలేదు. పోలీసులను పిలవమన్నారెవరో. హనోకు కాగితాలన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. నువ్వన్నా చింపమని మెల్లగా చెప్పి, బస్టాండు వైపు నడిచాడు.

మళ్లీ రాలేదు.

రెండు నెలలకు నిజంగానే పోలీసులు వచ్చారు.

ఆ వాడలో పందొమ్మిది మంది ఆడవాళ్ల పేర్ల మీద ఎవరో సిమ్ములు తీసి, ఆ నంబర్లతో జనాన్ని మోసం చేశారు. అందరూ బీడీలు చుట్టుకుని బతికేవాళ్లే.

ఇరవయ్యో పేరు నిరోషది.

ఇరవై మందీ పొద్దంతా ఠాణాలో కూర్చున్నారు. పక్కింటి సౌందర్య చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని, తానేం చేశానో చెప్పమని అందరినీ అడుగుతోంది.

సాయంత్రానికి అసలు దొంగ దొరికాడు. చిత్తుకాగితాల్లోంచి ఏరుకున్న జిరాక్సులతోనే ఇదంతా చేశాడని చెప్పి, ఎస్సై ఆ కట్ట నిరోష ముందు పెట్టాడు.

అన్నీ తన దుకాణంలో తీసినవే. ప్రతిదాని అంచునా నల్లటి చార. హనోకు వెళ్లిపోయిన వారంలోనే మిషన్‌లో ఆ చార రావడం మొదలైంది.

అంతకు ముందువి కట్టలో ఒక్కటీ లేవు.

మర్నాడే ఆమె నిజామాబాద్ బస్సెక్కింది. కండక్టరుకు హనోకు తెలుసు. చర్చి పక్క సందులో ఇల్లని గుర్తులు చెప్పాడు.

తలుపు తీసింది ఆయన భార్య రెబెకా. నెల కిందటే నిద్రలో పోయాడని చెప్పింది.

నిరోష అక్కడే గడప మీద కూలబడింది. నలుగురిలో ఆయన మీద వేసిన నిందంతా చెప్పుకుని ఏడ్చింది.

రెబెకా కోప్పడలేదు. గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మెండోరలోనూ ఏర్గట్లలోనూ దుకాణాలవాళ్లు ఇలాగే వెళ్లగొట్టారనీ, రెండు రోజులు ఇంట్లో కూర్చుని మళ్లీ ఇంకో ఊరికి బస్సెక్కేవాడనీ చెప్పింది.

“ఇవన్ని ఆయనకెట్ల ఎరుక? పోలీసు నౌకరి చేసిండా, అమ్మా?” అని అడిగింది నిరోష.

రెబెకా ఖాళీ గ్లాసు అందుకుంది.

“కాదు బిడ్డా. అప్పట్ల ఆధార్ మిషన్ పట్టుకొని ఊరూరు తిరిగి, భయపడెటోళ్లకు ‘ఏం గాదు, మీ వివరాలు ఎటు పోవు, జిమ్మా నాది’ అని చెప్పి, మీ బోధన్ దిక్కు మందితోని వేళ్లు పెట్టించింది ఆయనే.”